కొవ్వు తగ్గాలంటే కొత్తవాళ్లు జిమ్‌లో వారం ఎలా వేసుకోవాలి?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒకరు అడిగారు: వయసు 34, బరువు 86 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, మిల్లులో షిఫ్టు డ్యూటీ. జిమ్‌లో రోజుకో బాడీ పార్ట్, తేలిక బరువుతో 25 రెప్స్ (ఒకే కదలిక 25 సార్లు) చొప్పున చేయిస్తున్నారట. దాంతో కొవ్వు కరుగుతుందా అని సందేహం.

కొవ్వు తగ్గేది తిండి తగ్గితేనండి. తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోకుండా బరువులు కాపాడతాయి. కండ నిలవాలంటే బరువు కాస్త బరువుగా అనిపించాలి. 25 చేసి కూడా ఇంకో పది చేయగలిగితే ఆ సెట్టు (ఆగకుండా చేసే ఒక విడత) దండగే. పైగా షిఫ్టు మారి ఒక్కరోజు పోతే, రోజుకో పార్ట్ పద్ధతిలో ఆ వారం కాళ్లో వీపో ఎగిరిపోతాయి. మీకు వారానికి మూడు రోజులు, ప్రతిసారీ ఒళ్లంతా అన్నదే నయం.

రెండు పట్టీలు రాసుకోండి. మొదటిది: గుండెకి డంబెల్ ఆనించి గోబ్లెట్ స్క్వాట్ (గుంజీలా కూర్చుని లేవడం), డంబెల్ బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని పైకి నెట్టడం), ఒంటిచేతి రో (వంగి డంబెల్‌ని పైకి లాగడం), ప్లాంక్ (మోచేతుల మీద ఒళ్లు తిన్నగా, కదలకుండా నిలపడం). రెండోది: రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (ఎలా చేయాలో కింద చెప్తాను), షోల్డర్ ప్రెస్ (భుజాల నుంచి తల మీదికి ఎత్తడం), లాట్ పుల్‌డౌన్ (పైనున్న కడ్డీని ఛాతీ దాకా లాగడం), స్టెప్-అప్ (ఎత్తు మెట్టు ఎక్కి దిగడం). సోమ, బుధ, శుక్ర వారాల్లో ఒకటి మార్చి ఒకటి. మొదటి రెండు వారాలు రెండేసి సెట్లు, తర్వాత మూడేసి. ప్లాంక్ తప్ప మిగతావన్నీ సెట్టుకి 8 నుంచి 12 రెప్స్. ఇంకో రెండు చేయగలననగా ఆపేయాలి. మధ్యలో రెండు నిమిషాలు కూర్చోండి. ఆయాసం రావాలని గబగబా చేస్తే తర్వాతి సెట్టులో బరువు లేవదు.

అన్నిటికన్నా ఎక్కువగా పాడు చేసుకునేది డెడ్‌లిఫ్టే. దాన్ని వంగడం అనుకుంటారు. మోకాళ్లు కొద్దిగా మడిచి, వెనకున్న తలుపుని పిర్రలతో మూస్తున్నట్టు వాటిని వెనక్కి నెట్టాలి. బార్ తొడల్ని రాసుకుంటూ దిగాలి. ముందుకి జరిగిందా, భారమంతా నడుం మీదే. తొడల వెనక లాగినట్టు తెలియగానే, బార్ మోకాలి కిందికి వచ్చినా రాకపోయినా, అక్కడే ఆగి పైకి రండి.

మూడు సెట్లూ 12 వస్తే బరువు పెంచాలి. చిన్న ఊళ్ల జిమ్‌ల్లో ఒక చిక్కుంది: డంబెల్స్ చాలాచోట్ల 10 కిలోల తర్వాత 12.5 కిలోలవి ఉంటాయి. ఒక్కసారే పాతిక శాతం పెరుగుతుందన్నమాట. అలాంటప్పుడు 10తోనే 15 రెప్స్ దాకా వెళ్లి, అప్పుడు మారండి. ఏ రోజు ఎంత ఎత్తారో నోటుబుక్కులో రాయకపోతే ఇదేదీ గుర్తుండదు.

తిండిలో రోజుకి 400–500 కేలరీలు తగ్గితే వారానికి దాదాపు అరకిలో దిగుతుంది. వంటనూనె ఒక టేబుల్ స్పూన్ అంటేనే 120 కేలరీలు, కాబట్టి సాయంత్రం బరా–ఘుగుని (నూనెలో వేయించిన గారెలు, బఠాణీ కూర) మానేస్తే సగం పని అక్కడే అయిపోతుంది. పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) చలవే గానీ, నీళ్లు పోసినంత మాత్రాన అన్నంలో కేలరీలు తగ్గవు. చోడి (రాగి) అంబలి మంచిదే, ప్రోటీన్ లెక్కలో మాత్రం వేయకండి. ప్రోటీన్ రోజుకి 100–110 గ్రాములు కావాలి: నాలుగు గుడ్లలో 24, 50 గ్రాముల సోయా చంక్స్‌లో 26, పచ్చి తూకంలో 150 గ్రాముల చికెన్‌లో 33, 75 గ్రాముల కందిపప్పులో 16. మిగతాది అన్నం, పెరుగుల్లో వచ్చేస్తుంది. ఫ్యాట్ బర్నర్ డబ్బాల జోలికి పోవద్దు. పొట్టకి ప్లాస్టిక్ చుట్టుకుంటే పోయేది చెమటే.

మొదటి రెండు మూడు వారాలు బరువు తగ్గకపోవచ్చు, కిలో పెరగొచ్చు కూడా. కొత్తగా పనిచేసిన కండ నీరు పట్టి ఉంచుతుంది, అంతే. కంగారుపడి అన్నం పూర్తిగా మానేయకండి. బొడ్డు దగ్గర టేపు పెట్టి వారానికోసారి, పొద్దున్నే పరగడుపున కొలవండి.

బీపీ, షుగర్ ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. నైట్ డ్యూటీ దిగి నేరుగా జిమ్‌కి వెళ్లొద్దు. పడుకుని లేచి, సాయంత్రం వెళ్లండి.