ఖాళీ అప్రెంటిస్ సీట్ల గురించి మేనకోడలికి

హైదరాబాద్

అమ్మాయీ,

జీడిమెట్ల ఫ్యాక్టరీలో ట్రైనింగ్ సెక్షన్ నీ చేతికిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. అప్రెంటిస్ సీట్లు సగం కూడా నిండలేదు, వచ్చేవాళ్లంతా ఒకే ఐటీఐ పిల్లలు, పోస్టర్లు వేయిద్దామా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ముందు నిరుటి హాజరు పుస్తకం తీసి, చేరిన రెండు నెలల్లోపే మానేసినవాళ్లెవరో చూడు. ఏ ఊరు, ఏ ట్రేడ్, ఆడపిల్లా మగపిల్లాడా, అన్నీ ఒక కాగితం మీద రాసుకో. మానేసినవాడు వెళ్లి జూనియర్లకు చెప్పే మాట ముందు నీ పోస్టర్ ఎందుకూ పనికిరాదు.

చాలామంది డబ్బు దగ్గరే మానేస్తారు. ఐటీఐ పాసైనవాళ్లకు నెలకు కనీసం 7,000 ఇవ్వాలని 2019లో నిబంధన పెట్టారు. షాపూర్‌నగర్‌లో రూము, మెస్సు ఖర్చు పోతే అందులో మిగిలేదేమీ ఉండదు. పైగా నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం) కింద ప్రభుత్వం ఇచ్చే వాటా, అంటే స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 దాటకుండా, 2023 నుంచి నేరుగా పిల్లల ఖాతాలోకే వెళ్తోంది. ఖాతాకు ఆధార్ లింకు లేకపోయినా, మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉన్నా ఇబ్బందే. డబ్బు రాకపోతే కంపెనీయే మింగేసిందనుకుంటారు. అందుకే మొదటి వారంలోనే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఆ కాగితాలు సరిచేయించు. కంపెనీ ఇవ్వాల్సింది మాత్రం చెప్పిన తేదీకి పడాల్సిందే. ఇందులో అకౌంట్స్ వాళ్లతో పోట్లాట పెట్టుకున్నా ఫరవాలేదు.

ఇక ఆడపిల్లల సంగతి. ఫిట్టర్, టర్నర్ పనులకు అమ్మాయిలు రారని మీ ఫోర్‌మన్ అంటాడు, నమ్మకు. షిఫ్ట్ ఎన్నింటికి వదులుతారు, ఆ టైముకు బస్సుందా, బాత్రూముకు గడియ ఉందా, ఇంట్లోవాళ్లు అడిగేవి ఇవే. ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడం మంచిదే, కానీ బస్సు వస్తేనే కదా! ఒక్క అమ్మాయిని మగపిల్లల మధ్య ఒంటరిగా వేయకు, నలుగురైదుగురిని ఒకే షిఫ్టులో వేయి. చేరకముందే తల్లులను ఒకరోజు పిలిచి షాప్ ఫ్లోర్ అంతా తిప్పి చూపించు. నా అనుభవంలో తండ్రి ఒప్పుకున్నా తల్లి మనసు కుదుటపడకపోతే ఆ పిల్ల నిలబడదు.

పాతబస్తీ పిల్లలు రావట్లేదంటే వాళ్లకు కబురే అందలేదని అర్థం. మల్లేపల్లి ఐటీఐకి నువ్వే వెళ్లు. నోటీసు ఉర్దూలోనూ ఉండాలి. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఇంగ్లిష్‌లో పెట్టేసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఫారం నింపడానికి మీ గేటు దగ్గరే ఒక మనిషిని కూర్చోబెట్టు. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు స్థానాలు కేటాయించాలని అప్రెంటిస్ చట్టంలోనే ఉంది, కాబట్టి అది నువ్వు చేసే దయ కాదని మేనేజర్‌కు గుర్తు చెయ్యి.

ఆయన లెక్కలే అడిగితే ఇదీ చెప్పు. 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలో కాంట్రాక్ట్ వాళ్లతో సహా సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లు ఉండాలి. మీలా 400 మంది ఉన్నచోట 10 నుంచి 60 అన్నమాట. కనీస సంఖ్యతో సరిపెట్టుకుంటారో ఇంకా తీసుకుంటారో వాళ్లే తేల్చుకోవాలి.

ట్రైనింగ్ అయ్యాక ఉద్యోగం గ్యారంటీ అని మాత్రం ఎవరితోనూ అనకు. కాంట్రాక్ట్‌లో రాయకపోతే ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీకి లేదు, అది మొదటి రోజే చెప్పు. పరీక్ష పాసైతే వచ్చే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇంకెక్కడెక్కడ పనికొస్తుందో కూడా చెప్పు. పిల్లలతో ఊడ్చడాలూ టీ మోతలూ చేయించే సూపర్‌వైజర్ ఉంటే వెంటనే ఆ పిల్లలను వేరే సెక్షన్‌కు మార్చు.

నోటీసు రాశాక నాకు పంపు. ఉర్దూ కాపీ మా పక్కింటి మాస్టారు చూసిపెడతానన్నారు.

ఆశీస్సులతో,
మామయ్య