యుద్ధం వచ్చింది అన్న వాక్యం గురించి

నెల్లూరు, మూలాపేట

చిరంజీవికి ఆశీస్సులు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలం మీద నువ్వు రాస్తున్న నవల మొదటి మూడు అధ్యాయాలు అందాయి. ఒకసారి ఆగకుండా చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. సైదాపురం దారిలో ఎండకు మెరిసే అభ్రకం తునకలు, షెడ్డులో వరుసగా కూర్చుని పొరలు విడదీసే ఆడవాళ్లు, వాళ్ల చీరల మీద పడే మెరుపు పొడి చదువుతుంటే ఇది నువ్వే రాయవలసిన నవల అనిపించింది. మీ నాయనమ్మకు అవ్వ అయిన మనిషి ఆ షెడ్డులో పనిచేసిందని రాశావు. ఆ ఒక్క సంగతి చాలు, నువ్వు ఎవరి అనుమతీ అడగకుండా ఈ కథ మొదలుపెట్టడానికి.

అయితే మొదటి పుటలో మొదటి వాక్యం కిందే గీత గీశాను. "1914లో యుద్ధం వచ్చింది." ఈ ఉత్తరం ఎక్కువగా ఆ వాక్యం గురించే.

మన భాషలో వచ్చేవి చాలా ఉన్నాయి. పెన్నకు వరద వస్తుంది. కార్తీకంలో తుఫాను వస్తుంది. మా అవ్వ కాలంలో కలరా వచ్చేది, కరువు వచ్చేది. వాటిని ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేరు. యుద్ధాన్ని కూడా మనం అదే వరుసలో కూర్చోబెట్టాం. పత్రికల భాషకు మారితే సంభవించింది, చెలరేగింది, ముంచుకొచ్చింది అంటాం. ఏ క్రియ తీసుకున్నా యుద్ధం తనంతట తాను నడిచి వచ్చినట్టే ఉంటుంది. చేసినవాడు వాక్యంలో కనబడడు. నవలాకారుడు ఆ మనిషిని వాక్యంలోకి లాక్కురావాలి.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. మా అవ్వది కందుకూరు పక్క పల్లె. అప్పట్లో అదంతా నెల్లూరు జిల్లాయే. ఆమె తన పెళ్లిని, తమ్ముడి చావును, ఇంట్లో ఎద్దులు అమ్ముకోవడాన్ని ఒకే గుర్తుతో చెప్పేది: "జర్మనీ యుద్ధం వచ్చినప్పుడు." నా ఇరవై మూడో ఏట ఆ మాట పట్టుకుని ఒక కథ రాశాను. అవ్వ మాటను అవ్వ నోట పెట్టి ఊరుకోకుండా కథకుడి నోట కూడా అదే పెట్టాను. కథ అచ్చయింది, మెచ్చుకున్నారు. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ చదువుకుంటే ఆ కథలో ఎవరి తప్పూ లేదు. తమ్ముడు పోయాడు, ఎద్దులు పోయాయి, అన్నీ వాటంతటవే పోయాయి. అవ్వకు ఆ మాట అనే హక్కు ఉంది. ఆస్ట్రియాలో ఎవరు ఏ కాగితం మీద సంతకం చేశారో ఆమెకు తెలిసే దారి లేదు. నాకు తెలిసే దారి ఉంది, నేను ఆ దారిన వెళ్లలేదు. ఆ కథను ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

నీ రెండో అధ్యాయం సారజేవోలో తుపాకీ పేలుడుతో మొదలవుతుంది. 1914 జూన్ 28, ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, అతని భార్య సోఫీ, వాళ్లిద్దరినీ కాల్చి చంపిన పందొమ్మిదేళ్ల సెర్బు యువకుడు గవ్రిలో ప్రిన్సిప్. దృశ్యం బాగా రాశావు. కారు దారి తప్పి అతని ముందే ఆగడం దగ్గర ఊపిరి బిగబట్టించావు. కానీ ఆ పుటలు చదివిన పాఠకుడు డ్రైవరు ఆ మలుపు తిరగకపోతే కోటిమంది బతికేవాళ్లని అనుకుంటాడు. అది నిజం కాదు. ఆ పేలుడుకూ యుద్ధానికీ మధ్య నెల రోజులకు పైగా వ్యవధి ఉంది. నీ నవలకు కావలసిన మనుషులు ఆ నెలలో ఉన్నారు.

కూటముల చరిత్ర నువ్వు చదివే ఉంటావు, త్వరగా దాటేస్తాను. 1882 నాటికి జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, ఇటలీ ఒక ఒప్పందంలో ఉన్నాయి. 1894లో ఫ్రాన్స్, రష్యా చేతులు కలిపాయి. 1904లో బ్రిటన్ ఫ్రాన్స్‌తో, 1907లో రష్యాతో సర్దుబాటు చేసుకుంది. ప్రతి ఒప్పందమూ చేసుకున్నవాళ్లకు రక్షణగా కనిపించింది, ఎదుటివాళ్లకు ఉచ్చుగా కనిపించింది. దీనికి యుద్ధనౌకల పోటీ, బాల్కన్ గొడవలు, వలసల మీద ఆశ తోడయ్యాయి. ఈ జాబితా పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది, నీ నవలలో ఉండనవసరం లేదు. జాబితా కూడా ఒక రకం తుఫానే. అందులోనూ మనిషి కనబడడు.

నీకు కావలసినవి ఇలాంటివి. జూలై 5న జర్మనీ చక్రవర్తి విల్‌హెల్మ్, ఏం చేసినా నీ వెనక నేనుంటానని ఆస్ట్రియాకు మాట ఇచ్చాడు. ఆ ధైర్యంతో జూలై 23న ఆస్ట్రియా, హత్యకు బాధ్యత మోపుతూ సెర్బియాకు 48 గంటల గడువు పెట్టి షరతులు పంపింది. ఒప్పుకోవడానికి కాదు, కాదనిపించుకోవడానికి రాసిన షరతులు అవి. సెర్బియా దాదాపు అన్నిటికీ తలవంచింది. జూలై 28 ఉదయం ఆ జవాబు చదివిన విల్‌హెల్మే ఇక యుద్ధానికి కారణం లేదని రాశాడు. అదే రోజు ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. మరునాడు సెర్బియాకు అండగా ఉన్న రష్యా చక్రవర్తి నికోలస్ మొత్తం సైన్యాన్ని కదిలించే ఆజ్ఞకు ఒప్పుకున్నాడు. ఆ రాత్రి విల్‌హెల్మ్ నుంచి తంతి వస్తే ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు. జూలై 30న మంత్రి వచ్చి నచ్చజెప్తే మళ్లీ ఇచ్చాడు. ఆగస్టు 1న విల్‌హెల్మ్ తన సేనాపతి మోల్ట్కేను సైన్యాన్నంతా ఫ్రాన్స్ మీదికి కాకుండా తూర్పుకు, రష్యా మీదికి తిప్పగలవా అని అడిగాడు. ఏళ్ల తరబడి తయారుచేసిన పథకాన్ని, రైళ్ల వేళలను ఇప్పుడు మార్చలేమన్నాడు మోల్ట్కే.

నికోలస్ ఆజ్ఞ వెనక్కి తీసుకున్న రాత్రి గురించి ఆలోచించు. ఒక మనిషి ఆపగలిగాడు. కొన్ని గంటలే, కానీ ఆపాడు. ఆపడం సాధ్యమే అయితే ఆపకపోవడం ఎవరో ఒకరు చేసిన పని. ఎవరి పాలు ఎంత అన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నువ్వు ఆ తీర్పు చెప్పనక్కరలేదు. ఆ పనికి చేతులున్నాయని చూపిస్తే చాలు.

విల్‌హెల్మ్, నికోలస్, బ్రిటన్ రాజు, ఈ ముగ్గురి చుట్టరికం మన వరుసల్లో పెట్టి చూశావా? నికోలస్ తల్లి, బ్రిటన్ రాజు అయిదో జార్జ్ తల్లి సొంత అక్కచెల్లెళ్లు. అంటే మన లెక్కలో వాళ్లిద్దరూ పెద్దమ్మ, పిన్నమ్మ బిడ్డలు, అన్నదమ్ములే. విల్‌హెల్మ్ జార్జ్‌కు మేనత్త కొడుకు, వయసులో పెద్ద, వరుసకు బావ. ఇంగ్లీషులో ముగ్గురికీ కజిన్ అన్న ఒకే మాట సరిపోతుంది. నీ నవలలో షెడ్డు దగ్గర ఎవరైనా చదువుకున్నవాడు పేపరు చదివి ఈ వరుసలు చెబితే ఆ ఆడవాళ్లకు యుద్ధం ఒక్క క్షణంలో అర్థమవుతుంది. పాలివాళ్ల గొడవలు చూడనివాళ్లు మన పల్లెల్లో ఎవరున్నారు?

ఇదే పెన్న ఒడ్డున కూర్చుని తిక్కన భారత యుద్ధాన్ని తెలుగు చేశాడు. అందులో నువ్వు శ్రద్ధగా చదవవలసింది బాణాలు ఎగిరే పర్వాలు కాదు. యుద్ధానికి ముందు ఉద్యోగ పర్వం, తర్వాత స్త్రీ పర్వం. ఉద్యోగ పర్వమంతా రాయబారాలు, మాటలు, పక్షాలు కూడగట్టడం. దారిలో విందు చేసింది ఎవరో తెలియక మాట ఇచ్చేసి, సొంత మేనల్లుళ్లకు ఎదురుగా నిలిచిన శల్యుడు అందులోనే ఉన్నాడు. ఇటలీ సంగతి అతనికి తలకిందులు. ఒక కూటమికి మాట ఇచ్చి, 1914లో పక్కకు తప్పుకుని, 1915లో రెండో కూటమి వైపు యుద్ధంలోకి దిగింది. స్త్రీ పర్వంలో గాంధారి కృష్ణుడితో నువ్వు ఆపగలిగీ ఆపలేదని అంటుంది. విధి అని ఊరుకోదు. నాకు ఆ తల్లి ప్రశ్నకు మించిన యుద్ధ సాహిత్యం తెలియదు.

ఇప్పుడు మన నేలకు వస్తాను. నీ బలం ఇక్కడుంది, ఇక్కడే నువ్వు తొందరపడ్డావు.

షెడ్డులో పని ఎక్కువైందని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లావు. ఎందుకు ఎక్కువైంది? యుద్ధానికి ముందు మన దేశపు అభ్రకం కొనేవాళ్లలో జర్మన్లు కూడా ఉన్నారు. యుద్ధం ప్రకటించాక సర్కారు ఎగుమతిని తన చేతిలోకి తీసుకుంది. విమానం ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పరికరానికి, వైర్‌లెస్ యంత్రానికి అభ్రకం పొర లేనిదే గడవదు. విద్యుత్తుకూ వేడికీ తట్టుకునే అంత పలుచని వస్తువు అప్పట్లో మరొకటి లేదు. మనవాళ్లు కాకిబంగారం అని పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చిన తునక ఫ్రాన్స్ మీద ఆకాశంలో ఎగిరింది. మీ నాయనమ్మ వాళ్ల అవ్వ కత్తిరించిన పొర ఏ విమానంలోకి వెళ్లిందో ఆమెకు తెలియదు. ఆ విమానం ఎవరి మీద బాంబు వేసిందో అసలే తెలియదు. కారణాల గొలుసులో ఆమె వేళ్లు కూడా ఉన్నాయి. ఆమెను నిందించమనడం లేదు. ఆ గొలుసు ఎంత దూరం పాకిందో ఆ వేళ్ల దగ్గర చూపించు.

నీలిమందు కూడా అంతే. జర్మనీ కర్మాగారాలు 1897 నుంచి కృత్రిమ నీలి అమ్మడం మొదలుపెట్టాక మన దేశంలో నీలి సాగు దెబ్బతింది. యుద్ధంలో జర్మనీ సరుకు ఆగిపోగానే మళ్లీ ధర వచ్చింది, మళ్లీ మొక్క వేశారు. యుద్ధం ముగిశాక ఆ ధర నిలవలేదు. ఆ నాలుగేళ్ల ఆశను నమ్మి అప్పు చేసిన రైతు నీ నవలలో ఒకడు ఉండాలి.

మూడో అధ్యాయంలో జర్మనీ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు మీద గుండ్లు పేల్చిన మంట గూడూరు నుంచి కనిపించినట్టు రాశావు. అది తీసెయ్యి. 1914 సెప్టెంబరు 22 రాత్రి అరగంటలోపు దాదాపు 130 గుండ్లు పేల్చి, చమురు ట్యాంకులు అంటించి ఆ ఓడ వెళ్లిపోయింది. తర్వాతి రోజుల్లో జనం మద్రాసు వదిలి రైళ్లకు ఎగబడ్డారు. గూడూరు స్టేషనులో దిగినవాళ్ల మూటలు, వాళ్ల మాటల్లో ఊరూరికీ పెరిగిన ఓడ, అవి చాలవా? మంట కంటే పుకారు నీకు ఎక్కువ పనికొస్తుంది.

ధరలు పెరిగాయని కూడా రాశావు. ఉప్పు, గుడ్డ, కిరసనాయిలు. వాటంతటవే పెరిగాయా? ఓడలు సైన్యానికి పోయాయి. 1917లో మన ప్రభుత్వం, అంటే మనల్ని అడగని ప్రభుత్వం, బ్రిటన్‌కు పది కోట్ల పౌండ్లు కానుకగా ఇచ్చింది. వెండి చాలక అదే ఏడు నవంబరు 30న ఒక్క రూపాయి కాగితం నోటు తెచ్చారు, మరో నెలకు రెండున్నర రూపాయల నోటు. మా అవ్వ చెప్పేది, వాళ్ల ఊళ్లో కోమటి కాగితం రూపాయికి పదహారణాల సరుకు ఇచ్చేవాడు కాదని. వర్షంలో తడిస్తే రూపాయి ఏమవుతుందని వాళ్ల నాన్న అడిగేవాడట. నాకు యుద్ధం అంటే ఇప్పటికీ ఆ ప్రశ్నే గుర్తుకొస్తుంది. ఆస్ట్రియాలో పడిన సంతకం కందుకూరు పక్క పల్లెలో రైతు మొలలోని రూపాయిని మార్చేసింది.

నవలను 1918 నవంబరు 11న, యుద్ధం ఆగిన వార్తతో ముగిస్తానన్నావు. దయచేసి ముగించకు. ఆ ఏడు వానలు మోసం చేశాయి. సెప్టెంబరులో మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల జనం ధాన్యం కొట్లను దోచుకున్నారు. ఓడల్లో, సైనికులతో, రైళ్లతో పాటు ఇన్‌ఫ్లుయెంజా దేశమంతా పాకింది. మన దేశంలో కోటికి పైగా మనుషులు పోయారు. సముద్రాలు దాటి యుద్ధానికి వెళ్లిన మనవాళ్లు పది లక్షలకు పైగా ఉంటే, తిరిగిరానివాళ్లు డెబ్భై వేలకు పైన. ఇళ్లలో మంచాల మీద పోయినవాళ్ల ముందు ఆ సంఖ్య కూడా చిన్నబోతుంది. మా అవ్వ తమ్ముడు పోయింది ఆ జ్వరంతోనే. అది యుద్ధ మరణాల లెక్కలో లేదు. అవ్వ లెక్కలో ఉంది, అవ్వ లెక్కే సరైనది.

మరుసటి ఏడు మార్చిలో రౌలట్ చట్టం, ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్. జూన్ 28న, సారజేవో జరిగిన సరిగ్గా అయిదేళ్లకు, వెర్సాయ్‌లో సంధి. భారతదేశం పేరిట సంతకం చేసినవాళ్లలో బికనీర్ మహారాజు ఉన్నాడు, మన పల్లెల తరఫున ఎవరూ లేరు. ఆ సంధి తప్పంతా ఓడినవాళ్ల మీద మోపింది. ఆ అవమానం ఇరవై ఏళ్లలో ఇంకో యుద్ధానికి ఎరువైంది. మన వైపు చూస్తే, ఇంత ఇచ్చాక ఇదా ప్రతిఫలం అన్న కోపం సహాయ నిరాకరణకు నడిపింది. 1921 ఏప్రిల్ 7న గాంధీ పళ్ళిపాడు వచ్చి పెన్న ఒడ్డున ఆశ్రమం ప్రారంభించాడు. నీ కథానాయిక అప్పటికి బతికి ఉంటే, ఆ ఇసుకలో నడిచి వెళ్లగలదా? వెళ్లాలని నేను చెప్పను. పోనీ, వెళ్లకుండా ఆ రోజు కూడా కూలికే వెళ్లిందని రాసినా నమ్ముతాను. నాకు తెలియవలసింది నవంబరు 11 తర్వాత ఆమె పొయ్యి మీద ఏమి ఉడికింది అన్నది.

పెన్సిలు గీతలున్న ప్రతి తిరిగి పంపుతున్నాను. వచ్చింది, పోయింది, పెరిగింది, జరిగింది అన్నవాటి కింద గీతలుంటాయి. అన్నీ మార్చకు. పాత్రలు అన్నవి ఉంచు, కథకురాలిగా నువ్వు అన్నవి మాత్రం ఒక్కొక్కటీ ఎవరు అని అడిగి చూడు.

ఇంకో పని. మీ నాయనమ్మ ఓపికగా ఉన్న పూట పక్కన కూర్చుని, వాళ్ల అవ్వకు షెడ్డులో కూలి రోజుకిచ్చేవారా, తూకానికిచ్చేవారా, చివరి రోజుల్లో వెండిలో ఇచ్చారా, కాగితంలో ఇచ్చారా అడుగు. ఆమెకు గుర్తున్నంత, ఆమె మాటల్లోనే రాసి పంపు. అది చేతికి వచ్చాక మూడో అధ్యాయం గురించి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు