చిట్టికి అత్త ఉత్తరం: ఐప్యాడ్ కొనుక్కో, ల్యాప్‌టాప్ మాత్రం అమ్మెయ్యకు

చిట్టీ,

రాత్రి వదిన ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేసి పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తానన్నావట. ల్యాప్‌టాప్ అమ్మేసి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ఐప్యాడ్ కొంటానన్నావట. "ఆడుకునే వస్తువు పట్టుకుని అన్నం తింటుందా ఇది" అని మీ నాన్న అలిగి పడుకున్నాడట. వదిన కళ్లనీళ్లతో చెబుతుంటే నాకు మాత్రం లోపల్లోపల సంతోషమేసింది. మన ఇంట్లో ఇన్నేళ్లూ ఇంకొకళ్లు రాసినవీ గీసినవీ అచ్చు వేశాం గానీ, అట్ట మీద మన పేరు పడే పని ఎవరూ చేయలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు చూపిస్తావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

ముందు మీ నాన్న సంగతి. ఆయన దృష్టిలో ట్యాబ్ అంటే ఇప్పటికీ 2011లో ఢిల్లీలో విడుదల చేసిన 'ఆకాశ్' ట్యాబే. విద్యార్థులకు చవగ్గా ఇవ్వాలని ప్రభుత్వం తలపెట్టింది, హైదరాబాద్‌లోనే బిగించారు. ఏడంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్. వేలితో తాకితే చాలదు, నొక్కాలి. ఆ తర్వాత ఆయన చూసినవన్నీ ముద్ద మింగని పిల్లల ముందు నిలబెట్టే ట్యాబులే. దాని మీద ఒకళ్లు బతుకుతారంటే ఎలా నమ్ముతాడు?

నేను నమ్ముతాను. ఐప్యాడ్ 2010లో వచ్చినప్పుడు దాని తెర మీద గీసే పెన్సిలే లేదు, 2015లో గానీ యాపిల్ దాన్ని తేలేదు. ఇంగ్లండ్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ అంతవరకు ఆగనేలేదు. డెబ్బై దాటిన వయసులో ఐప్యాడ్ మీద చెట్లూ బాటలూ గీశాడు. వాటిని పెద్ద పెద్ద కాగితాల మీద అచ్చేసి 2012లో లండన్ రాయల్ అకాడమీ గోడలకెక్కించారు. 2018లో లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చిలో ఎలిజబెత్ రాణిగారి పేరున పెట్టిన రంగుటద్దాల కిటికీకి కూడా ఆయన ఐప్యాడ్ మీదే డిజైన్ చేశాడు. ఈ రెండో సంగతి నాకు మరీ నచ్చింది. ఆయన గీశాడు సరే, ఆ గాజు కోసి అతికిన పనివాళ్లు వేరే ఉన్నారు. ట్యాబులో పుట్టిన బొమ్మ వాళ్ల చేతుల్లోకి సరిగ్గా వెళ్లింది కాబట్టే అది కిటికీ అయింది. నీ బొమ్మ కూడా ఆ తెరలోంచి బయటికొచ్చి, ప్రెస్సులో ప్లేటెక్కి, పదేళ్ల తర్వాత అడిగినా దొరకాలి. నా భయమంతా అక్కడే.

పెన్సిల్ అసలుదే కొను, గట్టి కవరు వెయ్యి, స్టోరేజీ తక్కువదానికి ఆశపడకు, బిల్లు దాచు. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

కానీ ల్యాప్‌టాప్ అమ్మడమేమిటే, బుద్ధుందా? బొమ్మ పక్కన తెలుగు ఎవరు పేరుస్తారు? పుస్తకం పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ ఐప్యాడ్‌లో లేదు. ఇక మన వైపు ప్రెస్సుల్లో ఇంకా అదే పని చేసే పాత పేజ్‌మేకర్ తెరిచి, అనూ అనే తెలుగు ఫాంట్లలో పని చేసేవాళ్లున్నారు. ఆ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో! వాళ్లతో పడాలంటే నీకొక కంప్యూటర్ ఉండాలి. ఎంత పాతదైనా సరే, మూల పడేసి ఉంచు.

ఇప్పుడు మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పని సంగతొకటి చెబుతాను. నేను చెప్పానని అనకు.

నువ్వు పుట్టకముందు మాట. విజయవాడ సూర్యారావుపేటలో అద్దె గది, రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్. కంపోజింగ్ నాది. బేరాలు, ప్రూఫులు, తిరుగుడంతా మీ నాన్నది. రిటైరైన మాస్టారొకాయన వాళ్ల ఊరి చరిత్ర రాసుకొచ్చారు. చెరువు ఎవరు తవ్వించారు, ఏ వీధికి ఆ పేరెలా వచ్చింది, ఉప్పు సత్యాగ్రహానికి ఎవరెవరు వెళ్లారు, అన్నీ. పుస్తకం వేశాం, కాపీలన్నీ అయిపోయాయి. రెండో ముద్రణకు ఆయన కొత్త అధ్యాయం కలుపుతానన్నారు. అప్పటికే చెయ్యి వణుకు, రాయలేరు. నా పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. ఆ ఊళ్లో పాలేర్ల గురించి, పేర్లతో సహా. ఎవరు ఏ ఇంట్లో ఎన్నేళ్లు చేశారు, ఏం మిగిలింది అని. సాయంత్రం మీ నాన్నతో ఒక ప్రింటు తీసి ఆయన చేతికిద్దామన్నాను. టోనర్ అయిపోవచ్చింది, పొద్దున్నే పెళ్లికార్డుల ఆర్డరుంది. "ఫైలుందిగా, ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

డబ్బు కుదరక ఆ ముద్రణ ఆగిపోయింది. మాస్టారు పోయారు. చాలా ఏళ్లకు వాళ్లబ్బాయి వచ్చి నాన్నగారి పుస్తకం మళ్లీ వేద్దామన్నాడు. ఫైలు సీడీలో ఉంది. తెరిస్తే తెరుచుకుంది కూడా. కానీ తెలుగు లేదు. అన్నీ ఇంగ్లీషక్షరాలూ, డాలరు గుర్తులూ, పిచ్చి గీతలూ. అప్పట్లో మేం వాడినవి, ఇప్పటిలా ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనపడే యూనికోడ్ ఫాంట్లు కావు కదా. ఇంగ్లీషు అక్షరాలుండాల్సిన గళ్లలో తెలుగు ముక్కలు పెట్టేవారు, తలకట్టు ఒకచోట, ఒత్తు ఇంకోచోట. ఆ ఫాంటు లేకపోతే చదవడానికేమీ ఉండదు. ఆ ఫాంటు నడవాలంటే ప్రింటర్ పోర్టుకు తగిలించే చిన్న లాక్ ఉండాలి. మీ నాన్న పాత కంప్యూటర్ని లాక్‌తో సహా అమ్మేశాడు. కొత్తదానికి ఆ పోర్టే లేదు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు. బాగా వాడుకలో ఉన్న ఫాంట్లకు తర్వాత కన్వర్టర్లు వచ్చాయి గానీ దీన్నెవరూ పట్టించుకోలేదు.

నేనూరుకోలేదు. మొదటి ముద్రణ పుస్తకం ఒకపక్క, తెర మీద ఆ చెత్త ఒకపక్క పెట్టుకుని, ఏ గుర్తు ఏ అక్షరమో పట్టిక రాసుకున్నాను. ఒక ఎండాకాలమంతా దానికే పోయింది. చాలావరకు తెలుగులోకి వచ్చింది. కొత్త అధ్యాయంలో చివరి భాగం మాత్రం సీడీ మీద పడిన గీతల్లో పోయింది. పాలేర్ల పేర్లన్నీ ఉన్నది అందులోనే. వాళ్లబ్బాయి "పర్లేదండీ" అన్నాడు. మీ నాన్న ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి రాలేదు. ఆ తర్వాత పుస్తకాల పని ఒప్పుకోనూ లేదు, పెళ్లికార్డులతోనే గడిపాడు. నీ ఐప్యాడ్‌ని ఆయన వెక్కిరిస్తున్నాడంటే దాని వెనక ఉన్నది ఆ సీడీయే. ఆయన మీద కోపం పెట్టుకోకు.

నీ విషయానికొస్తే, ప్రొక్రియేట్ అనే బొమ్మల యాప్‌లో గీస్తానన్నావట. ఆ బొమ్మలు ఐప్యాడ్ లోపలే ఉంటాయి. యాప్ పొరపాటున తీసేశావంటే బొమ్మలూ దాంతోపాటే పోతాయి. వారం వారం ప్రతి బొమ్మనీ లేయర్లతో, అంటే గీసిన పొరలు విడివిడిగా ఉండేలా, పీఎస్‌డీ ఫైలుగా ఒకటి, పొరలన్నీ కలిపి చదునుగా టిఫ్‌గానో పీడీఎఫ్‌గానో ఇంకొకటి బయటికి తీయి. 2019 నుంచి ఐప్యాడ్‌కి బయటి డ్రైవ్ నేరుగా తగిలించుకోవచ్చు, సాకులు చెప్పకు. ఆ డ్రైవ్ నేను కొనిస్తాను, రెండు. ఒకటి మా ఇంట్లో ఉంటుంది. పుస్తకం అయిపోయాక మొత్తం కాగితం మీద ఒక ప్రింటు తీసి పెట్టె అడుగున పెట్టు. నవ్వితే నవ్వు.

మొదలుపెట్టేటప్పుడే పేజీ అసలు కొలతలో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు పెట్టు, చుట్టూ కత్తిరింపులో పోయే అంచు, అదే బ్లీడ్, మూడు మిల్లీమీటర్లు వదులు. తర్వాత పెంచుదామంటే గీతలు మొద్దుబారతాయి. కాన్వాస్ పెద్దదైన కొద్దీ అది ఇచ్చే లేయర్లు తగ్గుతాయి, ముందే లెక్క చూసుకో. తెర మీద వెలిగిపోయే చిలకపచ్చా నెమలినీలం నాలుగు ఇంకుల్లోకి వచ్చేసరికి చచ్చిపోతాయి. ఆ నాలుగు ఇంకుల లెక్కన రంగులు చూపే సీఎంవైకే ప్రొఫైల్ మొదట్లోనే పెట్టుకుంటే ఆ ఏడుపు తప్పుతుంది. అక్షరాలు బొమ్మలో కలిపి రాయకు. ప్రెస్సులో ఒక్కో ఇంకుకు ఒక్కో ప్లేటు కదా, అవి నలుపు ప్లేటు ఒక్కదాంట్లోనే పడాలి. నాలుగు రంగుల్లో పడ్డాయంటే, కాగితం వెంట్రుకవాసి జరిగినా చదివే పిల్లకు అక్షరం రెండుగా కనపడుతుంది.

ఇంకో మాట. ట్యాబ్‌లో గీశానని పబ్లిషర్‌కి నీ అంతట నువ్వు చెప్పకు. మీ నాన్నలాంటి వాళ్లు బయట చాలామంది ఉన్నారు. "ఐప్యాడే కదమ్మా, గంటలో అయిపోతుంది" అని సగానికి బేరం చేస్తారు. సగం డబ్బు ముందు తీసుకో, మిగతాది చేతిలో పడేదాకా లేయర్ల ఫైలు పంపకు. మొహమాటపడ్డావంటే నేనే ఫోన్ చేసి అడుగుతాను, నీకు పరువు తక్కువ.

పడుకుని గీయకు. వదిన చెప్పింది, రాత్రి రెండింటికి కూడా దుప్పట్లోంచి వెలుగు వస్తోందట. కీబోర్డు ముందు వంగీ వంగీ నా మెడ ఎలా అయిందో చూస్తూనే ఉన్నావు, ఎడమ చేతి వేళ్లు ఇప్పటికీ తిమ్మిరెక్కుతాయి. బల్ల మీద వాలుగా స్టాండ్ పెట్టుకుని, గంటకోసారి లే.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. నువ్వు మాత్రం ల్యాప్‌టాప్ కొంటానన్నవాడికి ఇవాళే ఫోన్ చేసి లేదని చెప్పు. సంక్రాంతికి వచ్చేలోపు నాలుగు పేజీలు గీసి పంపావంటే తెలిసిన ప్రెస్సులో ప్రూఫ్ తీయిస్తాను. భోగికి రెండు రోజుల ముందే పంపు, ఆ తర్వాత మిషన్ మీద ఎవరూ ఉండరు.

అత్త