మాను చీల్చకు, చిన్నీ

చిన్నీ,

చెన్నై నడిబొడ్డున ఉన్న గిండీ జాతీయ ఉద్యానంలో పొడుగు మీసాల పెంకు పురుగుల లెక్క తీయబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ఆ సంతోషం దిగులుగా మారింది.

అటవీ శాఖ అనుమతి కాగితం చేతికి రానిదే లోపల అడుగు పెట్టకు. పురుగు కనబడిన చెట్టు పేరు, చోటు, తేదీ అక్కడికక్కడే పెన్సిలుతో రాసుకో. తెల్లగుడ్డ కట్టి దీపం పెట్టడానికి వెన్నెల లేని, ఉక్కపోసే రాత్రులు మంచివి. అయితే దీపానికి రాని పురుగులు చాలా ఉంటాయి. వాటి కోసం పగలు కొమ్మ కింద గుడ్డ పట్టి కర్రతో తట్టాలి. మీసం పొడుగు చూసి పేరు పెట్టేయకు. మీసం మొదలును కన్ను ఎలా చుట్టుకుందో, ముఖం నిటారుగా దిగిందో ముందుకు వాలిందో చూడు.

ఇక నా తప్పు చెబుతాను. నీ వయసులో మా ఊరి చెరువు వెనక చిట్టడవిలో ఒక మాను పడి ఉండేది. బెరడు మీద చిల్లులు, కింద రంపపు పొట్టు. చెవి ఆనిస్తే లోపల కరకర నమిలే చప్పుడు. ఆగలేకపోయాను. మర్నాడు గొడ్డలి తెచ్చి మాను నిలువునా చీల్చాను. పదకొండు పిల్ల పురుగులు, తెల్లగా, కాళ్లు లేకుండా. అన్నింటినీ స్పిరిట్‌లో వేశాను. చిన్నీ, వాటిలో ఒక్కదాని జాతి కూడా తేల్చలేకపోయాను! రెక్కలు వచ్చేదాకా ఓపిక పట్టి, ఒక్క కొమ్మముక్కను వల కట్టిన పెట్టెలో ఉంచి ఉంటే అవే బయటికి వచ్చి పేరు చెప్పేవి. లోపల నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుపుతాయవి. మరుసటి ఏడు తొలకరికి ఆ చోట రోజూ కూర్చున్నాను. ఒక్కటీ కనబడలేదు.

మా చిట్టడవికి పక్కన తోటలైనా ఉన్నాయి. గిండీ మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు, చుట్టూ ఊరు. 2016 డిసెంబరులో వర్దా తుపానుకు అక్కడ ఎన్ని చెట్లు కూలాయో చూశావు కదా. మనకు కూలిన చెట్టు, వాటికి ఇల్లు. అక్కడ ఖాళీ చేస్తే మళ్లీ ఎక్కడి నుంచి వస్తాయి? ఫొటో తీసి వదిలెయ్యి. అనుమతిలో ఉంటేనే, తప్పనిసరైతేనే ఒకటి తీసుకో.

దుంగ కింద చెయ్యి మాత్రం పెట్టకు. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోతుంది. ముందు కర్ర, తర్వాత టార్చి, ఆ తర్వాతే నువ్వు. రాత్రి ఒక్కదానివే ఉంటే ఊరుకోను, చెబుతున్నాను.

నాలుగేళ్లప్పుడు మా పెరటి మామిడి పురుగును పట్టుకుంటే అది కిర్రుమంది. "పెదనాన్నా, ఏడుస్తోంది, వదిలేద్దాం" అన్నావు. ఏడుపు కాదది, మెడ పెంకును వెనక గట్టుకు రాసి చేసే చప్పుడు. అయినా ఆ రోజు వదిలేశాం. గిండీలో మొదటిది దొరికినప్పుడు ఫోను దాని దగ్గర పెట్టు. ఎంత రాత్రయినా మెలకువగా ఉంటాను.

మీ పెదనాన్న