కూడళ్లలో దారి తప్పడం, వేర్ల మీద జారడం: సమాధానం

మీరు చెప్పిన రెండూ, అంటే కూడళ్ల దగ్గర దారి తప్పడం, తడి వేర్ల మీద ముందు చక్రం జారడం, మౌంటెన్ బైక్ (కొండదారుల సైకిల్) మీద కొత్త ట్రైల్స్‌లో, అంటే అడవి, కొండ దారుల్లో, మామూలే.

మ్యాప్‌ను ఇంట్లోనే ఫోన్‌లోకి దించుకోండి. సిగ్నల్ కోసం వెతుకుతూ ఫోన్ చార్జింగ్ తినేస్తుంది కాబట్టి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, జీపీఎస్ మామూలుగా పనిచేస్తుంది. మొదటి రోజుకు ఆకుపచ్చ గుర్తుల (తేలిక స్థాయి) చుట్టుదారి ఒక్కటి చాలు. కొన్ని ట్రైల్స్ ఒకే దిశకు పరిమితం, బోర్డు చూడకుండా దూరకండి.

జారడానికి అసలు కారణం బహుశా టైర్లలో గాలి ఎక్కువవడం. 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లయితే, 70 కిలోల మనిషి ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టి ఒక్కో పీఎస్‌ఐ చొప్పున సవరించుకోవాలి. ట్యూబ్ ఉంటే 4-5 పెంచండి. లేదంటే రాయి తగిలినప్పుడు రిమ్ము కింద ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

వేరు దారికి ఐమూలగా ఉన్నచోటే చక్రం దాని వెంట జారిపోతుంది. వీలైనంత వరకు వేరుకు 90 డిగ్రీల కోణంలో ఎదురెళ్లి దాటండి. బ్రేకులు వేరుకు ముందే వేసి, దాని మీదకు రాగానే పూర్తిగా వదిలేయండి. ముందు బ్రేకు వదలడం మరీ ముఖ్యం.