హరికేన్ వస్తే పడవలో ఉండాలా, దిగిపోవాలా?

ప్రశ్న: మా తమ్ముడు ఉద్యోగం మానేసి, దాచుకున్న డబ్బంతా పెట్టి ఒక తెరచాప పడవ కొనుక్కుని కరీబియన్ దీవుల్లో తిరుగుతున్నాడు. ఇప్పుడు గ్రెనడాలో ఉన్నాడు. హరికేన్ వచ్చినా పడవ దిగను, దగ్గరుండి కాపాడుకుంటా అంటున్నాడు. పైగా అంత దక్షిణానికి హరికేన్లు రావులే అక్కా అని నాకే ధైర్యం చెబుతున్నాడు. నాకేమో టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. లోపల మనిషి ఉంటే నిజంగా పడవకు మేలా? తుపాను వెళ్లిపోయాక ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు ఆ 'రావులే' సంగతి చూద్దామండి. గ్రెనడాకు హరికేన్లు అరుదుగా వస్తాయి, అంతే. 2004 సెప్టెంబరులో ఐవన్ వచ్చినప్పుడు ఆ దేశంలో దాదాపు పది ఇళ్లకు తొమ్మిది దెబ్బతిన్నాయి. 2024 జులై 1న బెరిల్ నాలుగో కేటగిరీ బలంతో (హరికేన్లకు ఐదోదే అన్నిటికన్నా పెద్దది) అదే దేశానికి చెందిన కారియాకూ దీవి మీద పడింది. అక్కడి టిరెల్ బేలో మడ అడవిలోకి దూరి, చెట్లకు తాళ్లు కట్టుకున్న పడవలు కూడా చాలా పాడయ్యాయి. మడ అడవి మంచి చోటే, కాదనను. లోతు తక్కువ, అడుగున బురద, ఒడ్డున రాళ్లకు బదులు వంగే కొమ్మలు. కానీ అందరూ అక్కడికే చేరతారు కదా, ఎగువనున్న ఒక్క పడవ తాడు తెగిందంటే వరసగా మిగతావాటి మీద పడుతుంది. 2017లో ఇర్మా హరికేన్ వెళ్లాక బ్రిటిష్ వర్జిన్ దీవుల్లోని టోర్టోలాలో, పారకీటా బేలో పడవలు ఒకదాని మీద ఒకటి గుట్టలుగా పడి ఉన్నాయి. అంటే మీవాడు ఎంత జాగ్రత్తగా కట్టుకున్నా, పక్కవాడు ఎలా కట్టాడన్నది అతని చేతిలో ఉండదు.

ఇక మనిషి ఉంటే మేలా అంటే, గాలి ఇంకా ఒక మోస్తరుగా ఉన్నంతసేపు కొంత మేలే. ఇంజన్ నడిపి లంగరు మీద భారం తగ్గించవచ్చు, తాళ్లు సరిచూడవచ్చు. పడవలు ఎక్కువగా పోయేది తాడు ఒరిసి తెగడం వల్లే. నైలాన్ తాడు గాలి విసురుకు సాగుతూ, ముడుచుకుంటూ డెక్ అంచున ఒకే చోట రాసుకుంటుంది, ఆ సాగుడుకు లోపలి పోగులు వేడెక్కి కరుగుతాయి, పైన చుట్టిన గుడ్డ మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది! ఆ గుడ్డ జరిపి చూసే మనిషి ఉంటే బాగుండుననిపిస్తుంది నిజమే. కానీ గంటకు 119 కిలోమీటర్లు దాటితేనే దాన్ని హరికేన్ అంటారు, ఐదో కేటగిరీ అయితే 252 పైమాటే. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. ఆ గాలిలో డెక్ మీద పాకడం కూడా కష్టం, వాన మొహానికి కొడుతుంటే కళ్లు తెరవలేరు. సరిగ్గా పని పడే సమయానికి మనిషి లోపల ఒక మూల పట్టుకుని కూర్చోవడం తప్ప ఏమీ చేయలేడు. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య ఉండే ప్రశాంతమైన భాగం, వచ్చి గాలి ఆగిందంటే గండం గడిచిందనుకోకూడదు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే బలంగా కొడుతుంది. ఒకవైపుకే వేసిన లంగర్లు అప్పుడు పనికిరావు.

అందుకని నా మాట ఒక్కటే. పడవను కాపాడే పనంతా గాలి రాకముందే ఉంటుంది: తెరచాపలు పూర్తిగా విప్పి లోపల పెట్టడం, పైకప్పు గుడ్డలు తీసేయడం, అన్ని దిక్కులకూ తాళ్లు, లంగర్లు వేయడం, ఉప్పెనకు నీరు పైకి లేస్తుంది కాబట్టి తాళ్లకు ఆ మేరకు పొడవు వదలడం. అవి చేసి తాళం వేసి, గట్టి భవనంలోకి వెళ్లిపోవాలి. పోనీ సముద్రంలోకి వెళ్లిపోతా అంటాడేమో, అది ఇంకా ప్రమాదం. 2012లో సాండీ వస్తుంటే బౌంటీ అనే పెద్ద తెరచాప ఓడ అలాగే బయలుదేరి మునిగింది. 16 మందిలో 14 మందినే కాపాడగలిగారు.

వెళ్లిపోయాక ముందు మనుషులు. చుట్టుపక్కల పడవల్లో ఎవరైనా ఉన్నారేమో పిలిచి చూడాలి. పడవ ఎక్కగానే పెట్రోలు, గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. ఉప్పునీట మునిగిన లిథియం బ్యాటరీలు రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. పడవ అడుగున నీళ్లుంటే వేలితో తాకి నాలుకకు రాసుకుని చూడమనండి. చప్పగా ఉంటే వాన నీరే కావచ్చు, ఉప్పగా ఉంటే ఎక్కడో చిల్లు పడి ఉండవచ్చు. నీళ్లలో తెగిన తాళ్లు, విరిగిన కొయ్యలు, మునిగిన పడవలు ఉంటాయి కాబట్టి ప్రొపెల్లర్, చుక్కాని చూడకుండా ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. ఇంజన్ మునిగి ఉంటే స్టార్ట్ చేయకుండా వెంటనే మంచినీళ్లతో కడిగించి మెకానిక్‌కు చూపించాలి, నానిన కొద్దీ తుప్పు పడుతుంది. ఇన్సూరెన్స్ ఉంటే ఏదీ కదపకముందే ఫొటోలు తీయాలి.

ఈసారి ఫోన్ చేసినప్పుడు పడవ అమ్మెయ్యమనో, తిరిగి వచ్చెయ్యమనో గొడవ పెట్టుకోకండి. హెచ్చరిక వచ్చిన ఎన్ని గంటలకు దిగుతావు, ఏ భవనంలో ఉంటావు, అక్కడి నంబరు ఏంటి, ఈ మూడూ అడిగి రాసిపెట్టుకోండి.