వీధిలో తెలియని మనుషులను ఫొటో తీసేటప్పుడు ముందు అడగాలా, తర్వాత అడగాలా?

కొత్తగా కెమెరా కొన్నాననీ, వరంగల్ వీధుల్లో మామూలు మనుషులను, వాళ్ల రోజువారీ పనులను తీయాలని ఉన్నా ధైర్యం చాలడం లేదనీ, ముందే అడిగితే అందరూ బిగుసుకుపోతారు, అడగకపోతే దొంగతనం చేసినట్టు ఉంటుందనీ మీరు రాశారు. నేను బ్యాంకు ఉద్యోగిని. వరంగల్లులోనే పుట్టి, తెలంగాణ పల్లె జీవితాన్నీ బతుకమ్మనూ ఏళ్ల తరబడి ఫొటోలకెక్కించిన భరత్ భూషణ్ గారి చిత్రాలు చూశాక ఈ పిచ్చి పట్టింది. ఎనిమిదేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా ఇదే పని.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొహమాటం కొద్దీ 200 ఎం.ఎం. జూమ్ లెన్స్ పెట్టుకొని, దూరంగా నిలబడి తీసేవాణ్ణి. ఒకనాడు ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మీద తల పట్టుకొని కూర్చున్న ఒక రైతును అలాగే తీస్తుండగా ఆయన చూశాడు. లేచి నా దగ్గరికి వచ్చి, "రేటు రాక నేను తల పట్టుకొని కూసుంటే, నీకు ఫొటో అయిందా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన ఎదుటే ఆ ఫొటోను కెమెరాలోంచి చెరిపేశాను. దానితో ఆయన శాంతించలేదు, శాంతించవలసిన అవసరమూ లేదు.

ఆ లెన్స్ అమ్మేసి 35 ఎం.ఎం. కొన్నాను. దానితో మనిషి ఫ్రేములో నిండుగా కనబడాలంటే నాలుగైదు అడుగుల దగ్గరికి వెళ్లక తప్పదు. అంత దగ్గరికి వెళ్లాక పలకరించకుండా ఉండడం ఎవరికీ చేతకాదు. ఇప్పుడు మార్కెట్టుకు వెళితే మొదటి అరగంట కెమెరా మెడలోనే వేలాడుతుంది. హమాలీలు బస్తాలు దింపుతుంటే, దడవాయిలు తూకం వేస్తుంటే పక్కన నిలబడతాను. మిర్చి ఘాటుకు నాకు వరుసగా తుమ్ములు వస్తాయి, వాళ్లు నవ్వుతారు, "ముక్కుకు దస్తీ కట్టుకో సారూ" అంటారు. ఇంతకన్నా మంచి పరిచయం నాకు ఇంతవరకూ దొరకలేదు. గుండ్రంగా టమాటాలా ఉండే చపాట మిర్చి రాశి పోసిన రోజున అయితే "ఇది తియ్యి" అని వాళ్లే పిలుస్తారు.

ఇక మీ అసలు ప్రశ్న. కదిలిపోయే దృశ్యమైతే, అంటే సైకిల్ మీద గునుగు పూల కట్టలతో వెళ్లే మనిషి వంటిదైతే, తీసిన వెంటనే చూపించి, వద్దంటే చెరిపేస్తాను. ఒకచోట కూర్చొని పని చేసుకునేవాళ్లనయితే ముందే అడుగుతాను. "మీ ఫొటో తీయనా?" అంటే సిగ్గుపడేవాళ్లు "మీ పని ఫొటో తీయనా?" అంటే ఒప్పుకొంటారు, కాసేపటికి కెమెరా సంగతి మరచి పనిలో పడతారు. పిల్లలను తల్లిదండ్రులను అడగకుండా తీయను. మేడారం జాతరకు వెళితే జంపన్నవాగు దగ్గర ఆడవాళ్లు స్నానాలు చేసే చోటికి, బట్టలు మార్చుకునే మరుగుల వైపు కెమెరా తిప్పకండి; ఇది మర్యాదకు సంబంధించిన మాటే కాదు, స్త్రీలను అటువంటి ఏకాంతంలో చాటుగా చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం.

అన్నిటికన్నా ముఖ్యంగా, తీసిన ఫొటోను కాగితం మీద వేయించి తీసుకెళ్లి ఇవ్వండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు నేసే కొత్తవాడలో, ఒక ఇంటి అరుగు మీద కండెలు చుడుతున్న అవ్వను తీశాను. పక్క నుంచి పడిన ఎండలో ముఖం ఒకవైపు మెరుస్తూ, రెండో వైపు చీకట్లో కలిసిపోయింది; వేళ్ల మధ్య నూలుపోగు మాత్రం వెండి తీగలా వచ్చింది. నేను తీసినవాటిలో ఇదే గొప్పదనుకొని, మరుసటి ఆదివారం పెద్ద ప్రింటు పట్టుకెళ్లాను. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నా సగం మొఖం ఏడవోయింది బిడ్డా?" అంది. వెలుగునీడల గురించి నేనేదో చెప్పబోతే వినలేదు. లోపలికి వెళ్లి చీర మార్చుకొని, తల దువ్వుకొని వచ్చి, సున్నం గోడకు ఆనుకొని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, నవ్వకుండా కూర్చుంది. అలాగే తీశాను. అది నచ్చింది. దాంట్లోంచే నాలుగు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు కావాలని కోడలు అడిగింది, అవీ ఇచ్చాను.

మొదటి ఫొటో మా ఇంట్లో ఉంది, రెండోది వాళ్ల గోడ మీద గడియారం కింద ఉంది. ఇప్పుడు ఆ సందులో నేను కెమెరా తీస్తే ఎందుకని అడిగేవాళ్లు లేరు గానీ, పిల్లలు మాత్రం దూరం నుంచే "సగం మొఖం సారు వచ్చిండు" అని కేకవేస్తారు.